రెండో కుర్చీ ప్రశ్న

నమోదు 1

నీళ్ళు: కాచాను, పంచాను, సరిపోయాయి.
వెనక్కి వచ్చిన డబ్బాలు: లేవు.

ఈ చిట్టాలో నీళ్ళ సంగతి తప్ప మరో మాట రాయకూడదని పంటు పెద్ద అబ్బులు గారి ఆర్డరు. ఉప్పునీళ్ళు కాచి మంచినీళ్ళు చేసే పొయ్యి ముందు రోజంతా ఒంటరిగా కూర్చునే మనిషి చేతికి పెన్నిచ్చి, రాయొద్దంటే కుదురుతుందా? ఆయన దీన్ని ఎలాగూ చదవరు. ఒకవేళ చదివితే, నమస్కారమండీ అబ్బులు గారూ, తొట్టికి మాటు వేయించమని పోయిన ఏడాది అడిగాను, ఇంకా అతీగతీ లేదు.

ఇవాళ్టి తలనొప్పి కూడా ఆ తొట్టే. ఆవిరిని చల్లార్చే నీళ్ళు అందులో మట్టంగా నిలవాలి. కొన్నాళ్ళుగా కుడి మూలకు, అంటే మా పక్కనున్న తోట పంటు వైపుకు, పొర్లిపోతున్నాయి. పొయ్యి కాలు వంగిందేమోనని తిట్టుకుంటూ కుడికాలి కింద ఒక చెక్క ముక్క దూర్చాను. మట్టమైంది. ఆ చెక్క ఎక్కడిదో రాయకుండా ఉండలేను. అది మా కాలేజీ కుర్చీ చెయ్యి.

మాది పంటుల ఊరు. వెనకటికి గోదావరి దాటించడానికి పంటులు ఉండేవట. మావీ అలాంటివే, కాకపోతే బాగా పెద్దవి. ఒకదాన్నొకటి తాళ్ళతో కట్టుకుని సముద్రం మీద ఊరై కూర్చున్నాయి. నేల మునిగిపోయాక పుట్టినదాన్ని నేను. ఊగని చోట నాకు నిద్ర పట్టదు. నా చిన్నప్పుడు ఈ ఊళ్ళో ఒక డిగ్రీ కాలేజీ ఉండేది, అదీ ఒక పంటే. అందులో నేను చదివింది బి.ఏ. నేరన్యాయం. పోలీసు ఎలా పట్టుకోవాలి, కోర్టు ఎలా వినాలి, జైలు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, అసలు మనిషి నేరం ఎందుకు చేస్తాడు, ఇవన్నీ మూడేళ్ళ చదువు. మా అమ్మను ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి దొంగల చదువు చదువుతోందండీ" అని చెప్పేది. నవ్వుతూనే చెప్పేది, కానీ ఫీజు కట్టేటప్పుడు నవ్వేది కాదు.

మా మూడో ఏడాదిలో ఊరికి తీర్పరి వచ్చింది. వచ్చింది అంటున్నాను, మనిషి కాదు, యంత్రం. అందరి ముంజేతికీ ఒక కడియం వేశారు. కడియం వింటుంది, చూస్తుంది, తీర్పరికి చెబుతుంది. ఎవరు ఏం చేశారో అది పొద్దుగుంకేలోగా చెప్పేస్తుంది. ఇంక పోలీసెందుకు, ప్లీడరెందుకు, మా చదువెందుకు? మాదే ఆఖరి బ్యాచి. కాలేజీ పంటును ఉప్పు గోదాము చేశారు. ఆ రోజు ఒక మూల పడేసిన విరిగిన కుర్చీల్లోంచి ఈ చెయ్యి తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళకు దానికి ఒక ఉద్యోగం దొరికింది. నాకు దొరికినట్టే.

నమోదు 2

నీళ్ళు: కాచాను. ఎవరికీ తాగే ధ్యాస లేదు.
వెనక్కి వచ్చిన డబ్బాలు: లేవు.

తోట పంటు పోయింది.

తెల్లవారుజామున పోటు లేచింది. మేం కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చేసరికి మా పంటుకు కుడి పక్కన తోట ఉండాల్సిన చోట నల్లటి నీళ్ళున్నాయి. తలా ఒక మడి ఉండేది అక్కడ. గోంగూర, వంగ, మిరప, అందరిదీ పోయింది. నా పొట్ల పాదు పోయింది. నిన్న సాయంత్రమే కాయలకు రాళ్ళు కట్టి వచ్చాను. ఏడ్చాను, దాపరికమేముంది. ఈ ఊళ్ళో పచ్చటిది అదొక్కటే.

మా పంటు అంచున నూకరత్నం నిలబడి ఉంది, విప్పిన తాడు కొస చేతిలోనే ఉంది. తాళ్ళ కాపలా ఆమెది. ముప్పై కూడా దాటని మనిషి. కడియం పక్కన కొక్కేనికి వేలాడుతోంది. అందులో వింతేమీ లేదు. తడి తాడు పట్టేవాళ్ళందరూ కడియం తీసి కొక్కేనికి తగిలిస్తారు, లేకపోతే తాడులో ఇరుక్కుని మణికట్టు విరుగుతుంది. చేతి మీద లేని కడియం ఏమీ వినదు, చూడదు.

ఊరంతా తీర్పరి స్తంభం దగ్గర పోగైంది. నూకరత్నం తలవంచుకుని నిలబడింది, ఒక్క ముక్క మాట్లాడలేదు. అదీ వింత కాదు. తీర్పరి ముందు నోరు విప్పకూడదని మా ఊళ్ళో ఉగ్గుపాలతో నేర్పుతారు. తప్పు చేయనివాళ్ళకు మాట్లాడే పనేముంది, తీర్పరికి తెలియదా? నోరు విప్పారంటే ఏదో దాస్తున్నారని లెక్క. మర్యాదస్తులు మౌనంగా ఉంటారు.

తీర్పరి గొంతు విప్పింది. "తాడు విప్పినది నూకరత్నం. ఎందుకు విప్పినదో ఆధారం లేదు. పొరపాటా, ద్రోహమా, మరొకటా, తేల్చలేను."

తేల్చలేను! ఆ మాట అది అనగలదని కూడా మాకు తెలియదు. అబ్బులు గారి మొహం చూడాలి. "మళ్ళీ ఓపాలి అడగండ్రా" అన్నారు. మళ్ళీ అదే మాట. మూడోసారీ అదే. వెనక నుంచి ఎవరో అరిచారు, "తేల్చేదేటండీ, తాడు దాని చేతిలోనే ఉంది గదా, ఇప్పేయండి దాన్ని కూడా!" చాలామంది ఔనన్నారు. నేనూ అన్నాను.

విప్పేయడమంటే ఏమిటో ఈ చిట్టా చూసేవాళ్ళకు తెలియాలి. మా ఊళ్ళో జైలు లేదు. పెద్ద నేరం తేలితే ఆ మనిషిని పడవలో కూర్చోబెట్టి, తాడు విప్పి సముద్రంలోకి వదిలేస్తారు. తెడ్డు ఇస్తారు, ఎండుచేపలు ఇస్తారు, నా పొయ్యి నుంచి ఒక డబ్బా మంచినీళ్ళు ఇస్తారు. డబ్బా ఊరి సొత్తు కాబట్టి తిరిగొస్తే రాయమని ఈ చిట్టాలో ఒక గడి పెట్టారు. ఆ గడి కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, నేను చేరినప్పటి నుంచి అందులో 'లేవు' తప్ప మరో మాట రాయలేదు.

ఇంటికొచ్చేసరికి, నా పాదు పోయిన ఏడుపు చాలదన్నట్టు, తొట్టి ఈసారి ఎడమవైపుకు పొర్లి నా చాప తడిపింది. ముదనష్టపు పొయ్యికి నా మీద ఏం పగో.

నమోదు 3

నీళ్ళు: సరిపోయాయి.
వెనక్కి వచ్చిన డబ్బాలు: లేవు.

పొద్దున్నే అబ్బులు గారు వచ్చారు. వెనకాల పేర్రాజు. మాటు వేయడానికి వచ్చారేమో అనుకున్నాను. నా పిచ్చి గానీ.

"ఏవమ్మా సత్యవేణీ, నువ్వేదో దొంగల చదువు చదివేవంట గదా?" అన్నారు అబ్బులు గారు.

"చదివానండి. ఇన్నేళ్ళకు గుర్తొచ్చిందా తమకి?"

"పేర్రాజు చెప్పేడు. యంత్రం చేతులెత్తేసింది. మనుషులే తేల్చాల. ఆ చదువు చదివినోళ్ళు ఊళ్ళో మీ ఇద్దరే మిగిలేరంట."

పేర్రాజు నా క్లాసుమేటు. నేరన్యాయం చదివి ఇప్పుడు చేసే ఉద్యోగం ఏమిటంటే, తీర్పరి కళ్ళకు పట్టిన ఉప్పును కిరోసిన్ గుడ్డతో తుడవడం. వాడి బతుకు మీద నేను వేసిన జోకులకు లెక్కలేదు. వాడు నా పొయ్యి మీద వేసినవీ తక్కువేం కాదు.

"ఇద్దరం కాదండి," అన్నాడు పేర్రాజు. "మేడం గారున్నారు."

మాకు పాఠాలు చెప్పిన రంగనాయకి మేడం! బతికే ఉన్నారని తెలుసు, పాత కాలేజీ పంటులోనే ఉప్పు బస్తాల వెనక గదిలో ఉంటున్నారనీ తెలుసు. పండక్కి పబ్బానికి వెళ్ళి పలకరించి రావడమే గానీ, ఆమెను మేడంలా చూసి ఎన్నాళ్ళైందో. ఇద్దరం బయల్దేరాం. తాళ్ళ వంతెన మీద నడుస్తుంటే పేర్రాజు చొక్కా సర్దుకున్నాడు. నేనూ జడ సర్దుకున్నాను, నెరిసిన జడ. ఆలస్యంగా క్లాసుకు వెళ్తున్న భయం ఇద్దరి మొహాల్లోనూ ఉంది.

ఆ గదిలో బోర్డు అలాగే ఉంది. ఉప్పు కొట్టుకుపోయి తెల్లబడింది గానీ ఉంది. మేడం మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. కళ్ళకు పొరలొచ్చి సరిగా కనపడదు.

"మేడం, నేను..." అన్నాను.

"శవం గురక పెట్టుచున్నది," అన్నారు మేడం.

పేర్రాజు పగలబడి నవ్వాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. సంగతేమిటంటే, శవం దొరికిన చోట ఏం కనపడిందో సాక్షుల ముందు రాసే కాగితం పంచనామా. అది రాయడం మాకు ప్రాక్టికల్. శవం వేషం ఎప్పుడూ పేర్రాజుదే. నేల మీద వాడి చుట్టూ చాక్‌పీసుతో గీత గీస్తుంటే వాడు హాయిగా నిద్రపోయేవాడు. నేను నా పంచనామాలో 'శవం గురక పెట్టుచున్నది' అని రాశాను. క్లాసంతా నవ్వింది. మేడం మాత్రం నాకే ఎక్కువ మార్కులు వేశారు. "మిగతా అందరూ ఉండాల్సింది రాశారు, ఇది చూసింది రాసింది" అన్నారు. నా జీవితంలో నేను గెలుచుకున్నవి అవే మార్కులు.

కేసంతా విన్నారు. తీర్పు చెప్పడానికి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద.

"కుర్చీ మార్పు ఉండాల్సిందే."

మా క్లాసులో రెండు కుర్చీలుండేవి. నీలం రంగుది నేరం మోపేవాళ్ళది, రంగు లేనిది కాపాడేవాళ్ళది. ఉత్తుత్తి కేసు వాదన మంచి ఊపులో ఉండగా మేడం స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఠంగుమని కొట్టేవారు. ఇద్దరం లేచి కుర్చీలు మారాలి. అంతసేపూ దొంగ అన్నవాణ్ణి ఇప్పుడు కాపాడాలి, కాపాడినవాడు దొంగ అనాలి. పైగా రెండో కుర్చీలో కూర్చున్నవాళ్ళు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుండేది. మొదటి కుర్చీలో ఉన్నప్పుడు అడగడానికి భయపడిన ప్రశ్న ఏదో, అది. "ప్రతివాడికీ ఒకటుంటుంది. లేదన్నవాడు అబద్ధాలకోరు" అనేవారు. ఆ పళ్ళేన్ని ఎన్నిసార్లు దొంగిలించి సముద్రంలో పారేద్దామనుకున్నామో.

మేడం రెండు పిడికిళ్ళు చాపి ఎంచుకోమన్నారు. నా వంతుకు నీలం కుర్చీ వచ్చింది. మొహమాటమెందుకు, సంతోషించాను. నా పొట్ల పాదు కళ్ళముందు ఆడుతోంది మరి.

నమోదు 4

నీళ్ళు: సరిపోయాయి. విడిగా ఒక డబ్బా నింపి పెట్టాను.
వెనక్కి వచ్చిన డబ్బాలు: లేవు.

విచారణ రేపు. డబ్బా మాత్రం ఇవాళే నింపమన్నారు అబ్బులు గారు. పడవ కూడా తెచ్చి స్తంభం దగ్గర కట్టించారు. "ముందే సిద్ధం చేసుకుంటే మంచిది గదా" అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది.

కాపలా గదిలో ఉన్న నూకరత్నానికి తాగడానికి నీళ్ళు నేనే పట్టుకెళ్ళాను. చెంబు తీసుకుని గటగటా తాగి, చెంబు కడిగి మరీ ఇచ్చింది. "ఇంకా కావాలా?" అంటే "ఆయ్" అంది. అంతే. ఆ డబ్బా నింపిందీ, రేపు నేరం మోపేదీ నేనేనని ఆమెకు తెలుసు. నా మొహంకేసి చూడలేదు. నేనూ చూడలేదు.

సాయంత్రం పేర్రాజు టీకి వచ్చాడు. దిగాలుగా ఉన్నాడు.

"ఒక్క ముక్క మాట్లాడదు సత్యా. నీ తరఫు మనిషిని తల్లీ, ఏదో ఒకటి చెప్పు అంటే దణ్ణం పెడతంది. ఏం పెట్టుకుని వాదించను?"

"మాట్లాడ్డానికి ఏముంటే కదా."

"అంత కచ్చితంగా ఎలా చెప్తన్నావ్?"

"నా పాదు పోయింది గాబట్టి."

వాడు నవ్వలేదు. టీ తాగుతూ, "మెరక జైలు గుర్తుందా?" అన్నాడు.

గుర్తు లేకపోవడమేమిటి. రెండో ఏడాదిలో మేడం మమ్మల్ని పడవ మీద మెరకకు, అంటే మునగని నేల మీదికి, తీసుకెళ్ళారు. నేల మీద కాలు పెట్టడం నాకదే మొదటిసారి. ఊగకపోయేసరికి కళ్ళు తిరిగి వాంతి చేసుకున్నాను. అక్కడ ఒక పాత జైలు ఉంది, అప్పటికే ఖాళీ. మేడం మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పంపి, తలుపు మూసి, ఏం మాట్లాడకుండా బయట నిలబడ్డారు. మిగతావాళ్ళు నవ్వుకుంటూ వచ్చారు. పేర్రాజు ఏడుస్తూ వచ్చాడు. తిరుగు ప్రయాణం పొడుగునా నేను వాణ్ణి ఆటపట్టించాను. తర్వాత అందరం పడవలో పాటలు పాడుకుంటూ, అరటికాయ బజ్జీల కోసం కొట్టుకుంటూ వచ్చాం. ఎంత బాగుండేదో అప్పుడు. ఏ పనికీ రాని చదువు అని అందరూ అంటుంటే, మేం మాత్రం ప్రపంచాన్ని చక్కబెట్టేవాళ్ళలా మాట్లాడుకునేవాళ్ళం. ఆ పిల్లలు ఎక్కడికి పోయారో.

"ఆ రోజు ఎందుకేడ్చావురా?" అన్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"ఎవరైనా పేరు పెట్టి పిలుత్తారేమోనని చూసేను. మీరంతా బయటే ఉన్నారు. ఒక్కరూ పిలవలేదు," అన్నాడు.

వాడు వెళ్ళాక తొట్టి మళ్ళీ ఎడమవైపుకు పొర్లింది. చాప పిండి ఆరేశాను.

నమోదు 5

పైన గడులు తర్వాత నింపుతాను. ముందు ఇది రాయాలి.

విచారణ మా పంటు మీదే పెట్టారు. ఊరంతా వచ్చింది, మేడం చెప్పినట్టు కడియాలు ఇంటి దగ్గరే తీసిపెట్టి. గోదాములోంచి రెండు కుర్చీలు తెచ్చారు. నీలం రంగు అక్కడక్కడా మిగిలి ఉంది. రెండోదానికి ఒక చెయ్యి లేదు, ఎందుకు లేదో నాకు తెలుసు. మేడం ఒళ్ళో పళ్ళెం, గరిటె.

నేను బాగా వాదించాను. చెప్పుకోకూడదు గానీ, బ్రహ్మాండంగా వాదించాను.

"తాడు తెగిందా, విప్పావా?"

"ఇప్పేనండి."

"విప్పింది నువ్వేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

"నేనేనండి."

"విప్పితే తోట కొట్టుకుపోతుందని తెలుసా?"

"తెలుసండి."

"అయితే ఈమె ద్రోహి. నేను అడగాల్సింది ఇంకేమీ లేదు," అని కూర్చున్నాను. చప్పట్లు మోగాయి. ఇంత మందికి నా గొంతు వినపడటం కాలేజీ వార్షికోత్సవం తర్వాత ఇదే. ఒళ్ళు పులకరించింది, ఆ మాట దాచను.

పేర్రాజు లేచాడు. "అయ్యా, ఈ పిల్ల ఇదివరకెప్పుడూ ఏ తప్పూ చెయ్యలేదండి..." అని, ఇంకేదో వెతుక్కుని, దొరక్క కూర్చున్నాడు. జనం నవ్వారు. పాపం, శవం వేషమే నయం వాడికి.

ఠంగుమని పళ్ళెం మోగింది.

ఆ చప్పుడుకు నా కాళ్ళు వాటంతటవే లేచాయి, ఒట్టు. ఇద్దరం లేచి కుర్చీలు మారాం. జనం గొల్లుమన్నారు. "ఇదేం కుర్చీలాటండీ మేడం గారూ?" అన్నారు అబ్బులు గారు. "తేలిపోయింది గదా!"

"కూర్చో అబ్బులూ. నీకు మార్పు లేదు," అన్నారు మేడం. తర్వాత నావైపు తిరిగి, "అడగవే" అన్నారు.

నా ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. నీలం కుర్చీలో ఉన్నంతసేపూ అది నాలుక చివరే ఉంది. అడిగితే ఏం జవాబొస్తుందో తెలియదు. తెలియని జవాబు కట్టిన వాదనంతా కూల్చేస్తుందని మింగేశాను. చెయ్యి లేని కుర్చీలో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

"నూకరత్నం, తాడు ఎందుకు విప్పావమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. ఎవర్నో అడుగుతున్నాననుకుంది.

"నిన్నేనమ్మా," అన్నారు మేడం. "ఇక్కడ యంత్రం లేదు. మనిషి అడుగుతోంది, మనిషికి చెప్పు. మాట్లాడితే తప్పు కాదు."

"ఎవరూ అడగలేదు గదండీ," అంది నూకరత్నం. గొంతు బొంగురుపోయి ఉంది. తర్వాత ఒక్కసారిగా గట్టు తెగింది. "తోట అడుగున నీళ్ళెక్కేసేయండి. వానలకి మట్టి నానిపోయి బరువైపోయింది. తాడు బిర్రెక్కిపోయి ఈ పంటు అంచుని లాగేత్తందండి, నీళ్ళు పైకొచ్చేత్తన్నాయి. కేకలేసేనండి, పోటు హోరులో ఎవరికినపడతాదండి? మీరందరూ లోపల నిద్దరోతన్నారు. ఇప్పకపోతే తోటతోపాటు మీరూ పోదురండి. ఇప్పేసేను."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా?"

"చెబితే ఏదో దాత్తున్నాననుకోరాండి? మాయమ్మ ఎప్పుడూ చెప్పేదండి, తీర్పరి ముందు నోరిప్పకే అని."

అప్పుడు పేర్రాజు లేచాడు, నీలం కుర్చీలోంచి. గొంతు మారిపోయింది వాడిది.

"బాగానే చెప్పింది. పడవ ఎదురుగా కనపడతంటే ఎవరైనా కథ అల్లుతారు. తోట పంటు మునిగిందో, ఎక్కడికి కొట్టుకుపోయిందో తెలీదు, దాన్నెవరు చూత్తారు? ఈ అంచు దిగిపోయిందంటంది. ఇంతమంది ఈ పంటు మీదే బతుకుతున్నారు గదా, ఒక్కరికైనా వంపు తెలిసిందా? తెలిసినోళ్ళుంటే చెప్పండి."

ఎవరికి తెలుస్తుంది? మాది ఊగే ఊరు. నేలెప్పుడు మట్టంగా ఉంది గనక వంగిందని తెలియడానికి? ఒప్పుకోవాలి, వాడు నాకంటే బాగా వాదించాడు. కోపంతో నా చెవులు వేడెక్కాయి. ఆ కోపంలో చెయ్యి పెట్టుకుందామని పక్కకు చాపితే కుర్చీకి చెయ్యి లేదు. దాని చెయ్యి నా పొయ్యి కాలి కింద ఉంది.

పొయ్యి కాలి కింద ఉంది! ఎందుకుంది?

"నాకు తెలిసింది," అన్నాను.

"ఏం తెలిసింది?" అన్నాడు పేర్రాజు. "ఇందాక ఆ మాట అనలేదే? ఇందాక ద్రోహి అన్నావ్ గదా?"

"అన్నాను. తొట్టి కుడివైపుకు పొర్లుతుంటే కుడికాలి కింద చెక్క పెట్టాను. తోట పోయిన రోజు నుంచి ఎడమవైపుకు పొర్లుతోంది."

"అనుకోడం వేరు, చూడ్డం వేరు. చూసింది చెప్పు సత్యా."

"చూసిందే చెప్తున్నానురా! తడిసింది నా చాప! రండి, మీరే చూడండి!"

అందరూ పొయ్యి దగ్గరికి వచ్చారు. తొట్టి ఎడమ మూల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అబ్బులు గారి చేతనే ఆ చెక్క ముక్క లాగించాను. పొయ్యి కిర్రుమని సర్దుకుంది. తొట్టిలో నీళ్ళు కాసేపు ఊగి, నాలుగు అంచులకూ సమానంగా నిలబడ్డాయి. పంటు ఇప్పుడు మట్టంగా ఉంది. తోట ఉన్నప్పుడు లేదు. ఆ చెక్కంత వంపు తోట వైపుకు ఉండేది, అది కూడా పోటు రాకముందు. నా కళ్ళముందే ఉంది. ఇన్నాళ్ళూ పొయ్యిని తిట్టాను గానీ, ఎందుకని ఒక్కసారీ అనుకోలేదు. నన్నూ నా చాపనూ కలిపి కాపాడిన మనిషికి నేను పడవలో డబ్బా సర్దిపెట్టాను.

పేర్రాజు వంగి ఆ నీళ్ళ మట్టం చూశాడు. "ఇది వంపుకు సాక్ష్యం," అన్నాడు నెమ్మదిగా. "తోట మునుగుతుందనడానికి కాదు. నేనింక అడగాల్సింది లేదండి." వాడు చేయాల్సింది వాడు చేశాడు.

"అయితే తేలినట్టా, తేలనట్టా?" అన్నారు అబ్బులు గారు, చెక్క ముక్క పట్టుకుని.

"నీ యంత్రాన్నే అడుగు," అన్నారు మేడం.

స్తంభం దగ్గరికి వెళ్ళి పేర్రాజు జరిగిందంతా తీర్పరికి చెప్పాడు. "ఇప్పటికీ తేల్చలేను" అంది అది.

"చూసేరా!" అన్నారు అబ్బులు గారు.

"చూశాను," అన్నారు మేడం. "ఏమే సత్యవేణీ, మొదటి సంవత్సరం, మొదటి క్లాసు. బోర్డు మీద ఏం రాశాను?"

చేతులు కట్టుకుని నెమ్మదిగా అన్నాను. "తేలకపోతే వదిలెయ్యాలి మేడం."

"వెనక బెంచీకి వినపడలేదు."

"తేలకపోతే వదిలెయ్యాలి!" పేర్రాజూ నేనూ కలిసి అరిచాం, పద్దెనిమిదేళ్ళ పిల్లల్లా.

"అదే తీర్పు. పాపం ఆ యంత్రం మొదటి రోజే చెప్పింది, తేల్చలేనని. అది విన్నాక కూడా పడవ తెచ్చి కట్టింది మీరు," అని మేడం గరిటెతో పళ్ళెం మీద ఒక్కటి కొట్టారు.

ఒక్కొక్కరే కదిలారు. నూకరత్నం మాత్రం కదల్లేదు. పడవకేసి చూపించి, "మరి అది ఎవరికండి?" అంది.

"ఎవరికీ కాదు తల్లీ. ఇంటికెళ్ళు," అన్నాను. అప్పుడు కూలబడి ఏడ్చింది. ఆమె పక్కనే నేనూ కూలబడ్డాను.

నమోదు 6

నీళ్ళు: కాచాను, పంచాను, సరిపోయాయి. తొట్టి మట్టంగా ఉంది.

పొద్దున్నే నూకరత్నం వచ్చింది. పడవలో పెట్టిన డబ్బాను భుజాన మోసుకుని తనే తెచ్చింది. "ఊరి సొత్తండి, ఇచ్చేసి రమ్మన్నారు" అని నా ముందు దించింది. మూత కూడా తియ్యలేదు.

ఆ డబ్బా చూస్తే, నేను నింపి పంపిన మిగతావన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్క మొహమూ గుర్తొచ్చింది. అందరూ ఇలాగే తలవంచుకుని, మర్యాదగా, మాట్లాడకుండా వెళ్ళారు. ఏం చేశారో తీర్పరి చెప్పింది. ఎందుకు చేశారో ఎవరమూ అడగలేదు. అడగడం మూడేళ్ళు నేర్చుకున్నదాన్ని, నేనూ అడగలేదు. దీనికి ఏం చెయ్యాలో నాకు తెలియదు. మేడంని అడగాలి.

ఆ డబ్బాలోంచే నీళ్ళు వంచి బెల్లం టీ పెట్టాను. పేర్రాజు వాసన పట్టినట్టు సరిగ్గా అప్పుడే వచ్చాడు. "ద్రోహి అని నోరారా అని, టీ ఇత్తందండీ ఈవిడ" అని నన్ను చూపించాడు. నూకరత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

గ్లాసు కడుగుతూ, "ఆ చదువులో ఇంకా ఏం చెప్పేవోరండి?" అని అడిగింది.

అడిగింది! మా ఊళ్ళో ఒక మనిషి ఇంకో మనిషిని అడిగింది. నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పేర్రాజు మాత్రం అక్కడే నేల మీద బారుగా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను పొయ్యిలోంచి ఒక బొగ్గు ముక్క తీసి, వాడి చుట్టూ గీత గీయడం మొదలుపెట్టాను.

"చూడు నూకరత్నం," అన్నాను. "నీకేం కనపడుతోందో అది చెప్పు. ఉండాల్సింది కాదు, కనపడింది."

ఆమె వంగి శ్రద్ధగా చూసింది. "గురక పెడతన్నాడండి," అంది.

ఈ సందడిలో పైన ఒక గడి నింపడం మరిచిపోయాను. అబ్బులు గారూ, మీరు చదివినా చదవకపోయినా ఇది మాత్రం రాయాల్సిందే.

వెనక్కి వచ్చిన డబ్బాలు: ఒకటి.